పి.వి. గారి జమాఖర్చులు

2024వ సంవత్సరం తొలి నెలలలో, యాభై రోజుల వ్యవధిలో, ఒకే మనిషి పేరు ఈ దేశంలో రెండు విధాలుగా వినవచ్చింది. ఫిబ్రవరి 9వ తేదీన కీర్తిశేషులు పి.వి. నరసింహారావు గారికి భారతరత్న ప్రకటించారు. మార్చి 30న రాష్ట్రపతి భవనంలో వారి కుమారుడు ఆ పురస్కారాన్ని అందుకున్నారు. ఈ రెండు తేదీల నడుమ, మార్చి 4న, సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పింది. లంచం పుచ్చుకొని చట్టసభలో ఓటు వేసిన సభ్యునికి రాజ్యాంగం రక్షణ కల్పించదని ఆ తీర్పు సారాంశం. అది తోసిపుచ్చిన పాత తీర్పు 1998 నాటిది. న్యాయశాస్త్ర గ్రంథాలలో ఆ పాత తీర్పు పేరు 'పి.వి. నరసింహారావు కేసు'.

ఒకే ఋతువులో ఒకే పేరుకు ఒకచోట సన్మానం, మరొకచోట దిద్దుబాటు! ఈ విచిత్రాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని మా ఉద్దేశం.

ఆ రోజులలో మా తరగతి గదులలో జరిగిన వాదోపవాదాలు విద్యార్థి మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. గురుకుల పాఠశాలలో చదివి వచ్చిన ఒక సోదరి, "మా ఊరిలో నాతోటి ఆడపిల్లలు ఏడవ తరగతితోనే చదువు మానుకున్నారు. నేను ఇక్కడిదాకా రాగలిగానంటే అది గురుకులం చలువే. ఆ బడికి దారి వేసినవారిని నేను ఎట్లా కాదనగలను?" అన్నది. పాతబస్తీలో పెరిగిన ఒక సోదరుడు, "1992 డిసెంబరులో కర్ఫ్యూ నడుమ పాలకోసం గల్లీ చివరిదాకా పోలేకపోయామని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అప్పుడు ఢిల్లీ గద్దెమీద ఉన్నది ఎవరు?" అన్నాడు. ఇద్దరూ మా సహాధ్యాయులే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఒకరి సత్యం మరొకరి సత్యాన్ని ఓడించనూలేదు.

ఇంతలో మన పఠన మందిరంలో ఇతర నాయకుల పటాల సరసన పి.వి. గారి చిత్రపటం ఉంచాలా, వద్దా అనే ప్రశ్న కళాశాల పాలక సంఘం పెద్దల ముందుకు వచ్చింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము ఇచ్చుకొనే సమాధానం.

వ్యాపారి ఖాతాలో జమనుంచి ఖర్చు తీసివేస్తే నిలువ తేలుతుంది. మనిషి బ్రతుకు ఖాతా అట్లా తేలదు. ఒక ఊరిలో బడి కట్టించినవాడు మరొక ఊరిలో ఇల్లు కాలుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాడనుకోండి. బడిలోనుంచి ఇంటిని తీసివేస్తే మిగిలేది ఏమిటి? బడి బడే, బూడిద బూడిదే. కావున జమను ఒక పుటలోను, ఖర్చును ఎదుటి పుటలోను వ్రాసి, రెండు పుటలనూ తెరచి ఉంచడమే న్యాయమని మా అభిప్రాయం.

ముందుగా జమ పుట చూద్దాము.

1921 జూన్ 28న లక్నేపల్లిలో పుట్టి, దత్తత మూలంగా వంగరలో పెరిగిన ఈ తెలంగాణ బిడ్డ నిజాం రాజ్యపు ఉర్దూ చదువులో తీర్చిదిద్దబడ్డవాడు. విశ్వనాథ వారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చినవాడు. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే కూర్చొని చదువుకొనే మనవంటి కళాశాలకు ఇట్టి మనిషి పరాయివాడు కాడు.

ఆయన విద్యామంత్రిగా ఉన్నప్పుడు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పల్లెలలోని పేద పిల్లలలో ప్రతిభ గలవారిని ఏరి, తిండి, బట్ట, పుస్తకం ఇచ్చి చదివించాలన్న ఆలోచనతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసింది. అదే ఆలోచన 1986 నాటి జాతీయ విద్యావిధానంతోపాటు నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతటికీ ప్రాకింది. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల శాఖ ఆయన చేతిలోనే ఉన్నది. 2016లో తెలంగాణలో మొదలైన మైనారిటీ గురుకులాలు కూడా ఆ సంప్రదాయపు కొమ్మలే. మా సోదరి నడచి వచ్చిన దారి అదే.

1971 సెప్టెంబరులో ఆయన ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయినారు. తెలంగాణనుంచి ఆ పదవికి వచ్చినవారిలో ఆయనే మొదటివారు. తాను భూస్వాముల కుటుంబానికి చెందినవాడై ఉండి కూడా భూములపై గరిష్ఠ పరిమితి విధించే సంస్కరణలకు పూనుకొన్నారు. ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు, దానివెంట జై ఆంధ్ర ఉద్యమం వచ్చిపడగా 1973 జనవరిలో ఆ ప్రభుత్వం ముగిసింది.

1991 జూన్ 21న ప్రధానమంత్రి పదవి చేపట్టేనాటికి దేశం వద్ద ఉన్న విదేశీ మారకద్రవ్యం సుమారు రెండు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేది. ఇంటి ఇల్లాలి నగ తాకట్టు పెట్టి గింజలు తెచ్చుకొన్నట్టు, ఆ జూలైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకులకు కుదువపెట్టవలసి వచ్చింది. రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గింది. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, డాక్టర్ మన్మోహన్ సింగ్ గారి తొలి బడ్జెట్ ఒకే రోజున వెలువడ్డాయి. 1996 మార్చి నాటికి విదేశీ నిల్వ సుమారు 1,700 కోట్ల డాలర్లకు చేరింది. ఆ సంస్కరణల మూలంగా బాగుపడినవారూ ఉన్నారు, బజారున పడినవారూ ఉన్నారు. కాని దివాలా అంచున నిలిచిన ఇంటిని నిలబెట్టిన మాట మాత్రం కాదనలేనిది.

మైనారిటీ విద్యార్థులు తెలిసికొనవలసిన జమ మరికొంత ఉన్నది. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఏ మతానికి చెంది ఉన్నదో అట్లాగే ఉండవలెనని చెప్పే చట్టం 1991లో వచ్చినది ఆయన హయాంలోనే. మైనారిటీ కమిషనుకు చట్టబద్ధత కల్పించినది 1992 నాటి చట్టం. మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994లో ఏర్పడింది. ఎందరినో విచారణ లేకుండా జైళ్ళలో మ్రగ్గించిన 'టాడా' చట్టం 1995 మేలో గడువు తీరి అంతరించినప్పుడు దానిని ఆ ప్రభుత్వం పొడిగించలేదు.

ఇక ఎదుటి పుట.

పి.వి. గారి మీద పడిన మచ్చలనన్నిటినీ ఒకే రాశిగా పోసి చూడడం లోకానికి అలవాటు. వాటిని మూడు విధాలుగా వేరుచేసి చూడకపోతే న్యాయం జరగదని మేము భావిస్తున్నాము.

మొదటి విధం, ఆరోపించబడి ఋజువు కానివి. తాను స్వయంగా ఒక కోటి రూపాయలు ముట్టజెప్పినానని షేర్ల దళారి హర్షద్ మెహతా 1993లో విలేకరుల ఎదుట ప్రకటించినాడు. ఆ మాటకు ఆధారం దొరకలేదు. సెయింట్ కిట్స్ పత్రాల ఫోర్జరీ కేసులోను, లఖూభాయి పాఠక్ కేసులోను న్యాయస్థానాలు ఆయనను నిర్దోషిగానే వదలివేశాయి. పాఠక్ కేసు 2003 డిసెంబరులో ముగిసింది. ఆ మరుసటి డిసెంబరులోనే ఆయన కన్నుమూశారు. వృద్ధాప్యమంతా కోర్టు మెట్లమీద గడచింది. ఋజువు కాని నిందను పదేపదే పలకడం తగదు. ఆ పంక్తులను కొట్టివేద్దాము.

రెండవ విధం, న్యాయస్థానం కొట్టివేసినా ప్రజల ప్రశ్న మిగిలిపోయినది. 1993 జూలై 28న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం 251 - 265 ఓట్ల తేడాతో వీగిపోయింది. 1991లో మెజారిటీ లేకుండా ఏర్పడిన ఆ ప్రభుత్వాన్ని ఆనాడు నిలిపినవి పద్నాలుగు ఓట్లు. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు తదితరులకు డబ్బు ముట్టిందని కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపుగా చీలి, లంచం తీసుకొని ఓటు వేసినవారికి రాజ్యాంగపు 105వ అధికరణం రక్షణ ఇస్తుందని, ఇచ్చినవారికి మాత్రం ఆ రక్షణ లేదని చెప్పింది. తీసుకొని మాట నిలబెట్టుకొన్నవాడు క్షేమం, తీసుకొని ఓటు వేయనివాడు ముద్దాయి అన్న వింత ఆ తీర్పులో ఉన్నది. 2000 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం పి.వి. గారిని దోషిగా నిర్ణయించి, తరువాతి నెలలో మూడేళ్ళ శిక్ష వేసింది. మాజీ ప్రధానులలో అట్టి శిక్ష పడినది ఆయనకే మొదట. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవరుగా మారిన సభ్యుని సాక్ష్యం నమ్మదగినది కాదని చెప్పి, ఆ శిక్షను రద్దు చేసింది.

చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి. ఆ మాటను మేము శిరసావహిస్తాము. అయినా ఆ పద్నాలుగు ఓట్లు ఎట్లా సమకూడినవని అడిగే హక్కు పౌరునికి పోదు. నిర్దోషిత్వం న్యాయస్థానం ఇచ్చేది. విశ్వాసం ప్రజలు ఇచ్చేది. మొదటిది దొరికినంత మాత్రాన రెండవది వెంట రాదు. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తులు ఆ ద్వారం మూయడానికి ఇరవై ఆరు సంవత్సరాలు పట్టింది. ఒక మనిషి కేసు ముగిసినా, ఆ కేసు తెరచిన సందు అంతకాలం తెరచే ఉన్నదన్నమాట.

మూడవ విధం అన్నిటికంటె బరువైనది. విచిత్రమేమంటే ఇందులో ఏ కోర్టూ ఆయనను బోనులో నిలబెట్టలేదు. అది చేసిన పని కాదు, చేయని పని.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ గారి హత్య జరిగినప్పుడు కేంద్ర హోంమంత్రి ఆయనే. ఢిల్లీ పోలీసులు ఆ శాఖ క్రిందివారే. తరువాతి మూడు నాలుగు రోజులలో ప్రభుత్వం ఒప్పుకొన్న లెక్క ప్రకారమే ఆ నగరంలో 2,733 మంది చంపబడ్డారు. ఆ నిర్ణయాలు వేరొకచోట జరిగాయని ఆయనను సమర్థించేవారు అంటారు. నిజమే కావచ్చు. అధికారం చేయి దాటిపోతున్నదని తెలిసిన మంత్రి చేయగలిగిన పని ఒకటి మిగిలి ఉంటుంది. అది రాజీనామా. ఆయన చేయలేదు.

1992 డిసెంబరు 6 సంగతి అందరికీ తెలిసినదే. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కట్టడానికి హాని జరగనీయనని సుప్రీంకోర్టుకు మాట ఇచ్చింది. కేంద్ర బలగాలు అయోధ్యకు సమీపంలోనే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం వాటిని వాడుకోలేదు. మధ్యాహ్నం మొదలైన కూల్చివేత సాయంత్రానికి ముగిసింది. బాబరీ మసీదు నేలమట్టమైంది. ఆ స్థలం కేంద్ర బలగాల అధీనంలోకి వచ్చినది డిసెంబరు 8 ఉదయాన మాత్రమే. తరువాత దేశమంతటా నెత్తురు పారింది. ఒక్క బొంబాయిలోనే ఆ డిసెంబరు, జనవరి నెలలలో సుమారు 900 మంది మరణించారు.

ఆయన వాదాన్ని కూడా వినడం మన ధర్మం. ఆయన మరణానంతరం 2006లో వెలువడిన గ్రంథంలో తన పక్షాన్ని తానే వివరించారు. శాంతిభద్రతలు రాష్ట్రం బాధ్యత అనీ, జరుగబోయేదాన్ని ఊహించి 356వ అధికరణం ప్రయోగించడం రాజ్యాంగబద్ధం కాదనీ ఆయన వాదం. ఉత్తరప్రదేశ్ గవర్నరు బి. సత్యనారాయణరెడ్డి గారు, ఆయనా మన తెలంగాణవారే, రాష్ట్రపతి పాలన వద్దనే నివేదించారు. పదిహేడు సంవత్సరాల తరువాత 2009లో నివేదిక ఇచ్చిన లిబర్హాన్ కమిషన్ కూడా కేంద్రాన్ని తప్పు పట్టలేదు.

ఈ మాటలన్నీ విన్న పిమ్మట కూడా మా మనస్సు సమాధానపడడం లేదు. అప్పటి కేంద్ర హోం కార్యదర్శి మాధవ్ గోడ్బోలే గారు, ముందుగానే అధీనంలోకి తీసుకొనే ప్రణాళిక తమ శాఖ సిద్ధం చేసి ఇచ్చిందని తన గ్రంథంలో వ్రాశారు. డిసెంబరు 6 సాయంత్రం ఉత్తరప్రదేశ్‌లోను, డిసెంబరు 15న మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలోను అవే అధికారాలను ప్రయోగించి ప్రభుత్వాలను తొలగించారు. ఆ మూడు రాష్ట్రాల తొలగింపు సరియైనదేనని 1994 మార్చిలో సుప్రీంకోర్టు బొమ్మై తీర్పులో చెప్పింది కూడా. కట్టడం నేల కూలిన తరువాత దొరికిన ధైర్యం, అది నిలిచి ఉన్నప్పుడు ఎందుకు దొరకలేదు? ఇచ్చిన మాట తప్పిన ముఖ్యమంత్రికి సుప్రీంకోర్టు 1994లో విధించిన శిక్ష ఒక్క రోజు జైలు, 2,000 రూపాయల జరిమానా. మసీదును తిరిగి కట్టిస్తామని ప్రధానమంత్రి ఇచ్చిన మాట ఏనాడూ నెరవేరలేదు. ఆ కూల్చివేత చట్టాన్ని తీవ్రంగా ఉల్లంఘించడమేనని 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పులోనే ఆ స్థలాన్ని ఆలయానికి అప్పగించింది.

చదువరి, బహుభాషావేత్త, ఓర్పు గలవాడు అని ఆయనకు పేరు. ఓర్పు గొప్ప గుణమే. బంగారం తాకట్టు పెట్టిన నాటి సంక్షోభాన్ని ఆ ఓర్పే గట్టెక్కించింది. ఇల్లు అంటుకొన్న నాడు మాత్రం ఓర్పుకు మరొక పేరు ఉంటుంది. ఒకే గుణం ఒకచోట జమలోను, మరొకచోట ఖర్చులోను పడడం ఈ జీవితంలోని విషాదం.

ఇప్పుడు పునర్మూల్యాంకనం చేస్తున్నవారి మాట. 2004 డిసెంబరు 23న ఆయన ఢిల్లీలో మరణించినప్పుడు, జీవితమంతా సేవించిన పార్టీ కార్యాలయపు గేటు లోపలికి ఆయన భౌతికకాయాన్ని రానీయలేదు. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. ఇరవై ఏళ్ళు గడవకముందే ఆయనతో ఏనాడూ ఒకే పార్టీలో లేనివారు ఆయనకు అత్యున్నత పురస్కారం ఇచ్చారు. మెహదీపట్నంనుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరు. నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు. గేటు మూసినవారూ, పురస్కారం ఇచ్చినవారూ ఇద్దరూ తమతమ అవసరాలనే చూసుకొన్నారేమో! తిరస్కారంలోను సత్కారంలోను ఆయన ఖాతాను నిదానంగా చదివినవారు తక్కువ. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం మన రాజకీయాలకు కొత్త కాదు.

కాబట్టి పాలక సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. పఠన మందిరంలో చిత్రపటం వద్దు. పటానికి ఏడాదికొకసారి దండ వేస్తాము, దుమ్ము దులుపుతాము. అంతటితో మన ఋణం తీరిందనుకొంటాము. పటం నమస్కారం అడుగుతుంది గాని ప్రశ్న అడగనీయదు. పైగా ఆ పటం క్రింద కూర్చొని చదువుకోవలసిన పిల్లలలో ఒకరికి అది దీపం, మరొకరికి గాయం. ఇద్దరిలో ఏ ఒక్కరినీ తలవంచుకొని కూర్చోమనే హక్కు మనకు లేదు.

పటానికి బదులు ఒక అలమర ఇవ్వండి. అందులో 'సహస్రఫణ్', 'అబల జీవితం', ఆయన 1998లో వెలువరించిన ఆత్మకథాత్మక నవల 'ది ఇన్‌సైడర్', అయోధ్యపై ఆయన చెప్పుకొన్న వివరణ ఉండనీయండి. వాటి ప్రక్కనే లిబర్హాన్ నివేదిక, బొంబాయి అల్లర్లపై శ్రీకృష్ణ కమిషన్ నివేదిక, 1998, 2019, 2024 నాటి తీర్పులు ఉండనీయండి. ఉర్దూలో, తెలుగులో వాటి సారాంశాలు వ్రాసే పని విద్యార్థులం మేము తీసుకొంటాము. పుస్తకాలతోనే జీవించిన మనిషికి అంతకంటె తగిన గౌరవం ఉండదు. ఆ డిసెంబరును మరువలేని తల్లులకు అంతకంటె తగిన న్యాయం మన చేతిలో లేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు, కొందరు అధికారులు, ఒకరిద్దరు నాయకులు కావచ్చు. కోర్టుకు ఎక్కే తప్పులను తప్పించుకొనడం మీలో చాలామందికి కష్టం కాదు. ఏ కోర్టూ అడగని తప్పు, చేతిలో అధికారం ఉండి, గడియారం కదులుతూ ఉండి, ఊరకుండిన తప్పు, దానిని తప్పించుకొనడమే కష్టం. పి.వి. గారి ఖాతాలో రెండు పుటలనూ చదివినవారికి ఆ సంగతి గుర్తుంటే చాలును.